ముఖచిత్రము – మూయబడిన పుస్తకము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



పుస్తకమును చదువుటను గూర్చి పెద్దలనేకులు పలుమారులు చెప్పియున్నారు. పుస్తకమును కూర్చుకొనుటను, దాచుకొనుటను గూర్చి చెప్పినవారు తక్కువ. కాని ఏ గ్రంథాలయమైనను ఎవరో ఒకరు కూర్చి దాచిన నాలుగు పుస్తకములతోనే కదా మొదలైనది! కావున రజతోత్సవ దినమున సేకరణమును గూర్చి ముచ్చటించుకొనుట అనుచితము కాదు. అందును ఇది కావ్యముల సేకరణము కాదు, పురాణముల సేకరణమును కాదు. అమెరికా దేశమున బాలురును, నడివయస్సు దాటిన పెద్దలును గూడ, అట్టమీది బొమ్మకై కొని దాచుకొను సూపర్ హీరో పుస్తకముల సేకరణము.

విషయము విన్నంతనే కొందరు పెద్దలు నవ్వవచ్చును. "పిల్లల బొమ్మల పుస్తకములకు ఇంత సభయా?" యని అడుగవచ్చును. కాని చందమామ ఇంటికి వచ్చిన దినమున మనుమనికన్న ముందుగా తామే అందుకొని, అట్టమీది బొమ్మను తనివిదీర చూచిన తాతగారు ఈ సభలో ఒక్కరైనను ఉండకపోరు. వారికి ఈ విషయము కొత్త కాదు.

ముందుగా ఆ పుస్తకము లెట్టివో తెలిసికొనవలెను. 1938వ సంవత్సరమున అమెరికాలో 'యాక్షన్ కామిక్స్' అను పత్రిక మొదటి సంచిక పది సెంట్లకు వెలువడెను. దాని అట్టమీద నీలి దుస్తులును, ఎర్రని ఉత్తరీయమును ధరించిన వీరుడొకడు మోటారు కారును రెండు చేతుల నెత్తి బండకు కొట్టుచుండును. అతడే సూపర్‌మాన్. వేరొక గ్రహమున పుట్టి, పసికందుగా భూమిని చేరి, రైతు దంపతుల యింట పెరిగినవాడని కథ. ఆ వీరుని సృజించినవారు ఇద్దరు యువకులు. జెర్రీ సీగెల్ కథ కూర్చెను. జో షుస్టర్ బొమ్మ గీసెను. ఆ పిమ్మట 1939లో బ్యాట్‌మాన్, 1941లో వండర్ ఉమన్, 1962లో స్పైడర్‌మాన్ వరుసగా పుట్టిరి.

ఈ వీరులను పురాణ పురుషులతో పోల్చుట పరిపాటి. ఆ పోలిక కొంతవరకే నిలుచును. రామకథకు పట్టాభిషేకమున్నది. భారతకథకు స్వర్గారోహణమున్నది. భాగవతమున శ్రీకృష్ణుడంతటివాడు నిర్యాణము చెందెను. అమెరికా వీరునికి అట్టి ముగింపు లేదు. నెలనెలా సంచిక వెలువడవలెను, శత్రువు రావలెను, వీరుడు గెలువవలెను, మరుసటి నెలకు కథ మిగులవలెను. ఎనుబది యేండ్లకు పైబడి ఆ కథ అట్లే సాగుచున్నది. వ్రాయువారు మారుదురు, గీయువారు మారుదురు. ఇట్టి అంతులేని కథలో పాఠకుని చేయి పట్టి ఆపునది ముఖచిత్రము. అంగడిలో నూరు పుస్తకములు వరుసగా నిలిచియుండగా, చూపును ఒకదానిపై నిలుపవలసిన భారము ఆ యొక్క కాగితముపైననే యున్నది.

ఆ భారమును మోసిన చిత్రకారులు పెక్కురు కలరు. నేటివారిలో పేరెన్నికగన్నవాడు అలెక్స్ రాస్. ఇతడు 1970లో ఆరెగాన్ రాష్ట్రమందలి పోర్ట్‌లాండ్ నగరమున జనించి, టెక్సాస్ రాష్ట్రమందలి లబ్బక్ పట్టణమున పెరిగెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. తల్లి ప్రకటనలకు బొమ్మలు గీయు చిత్రకారిణి. తల్లి చదివిన షికాగో చిత్రకళాశాలలోనే తానును విద్య నేర్చి, కొంతకాలము ప్రకటనల సంస్థయందు పనిచేసెను. 1994లో, తన ఇరువదినాలుగవ యేట, కర్ట్ బ్యూసిక్ రచించిన 'మార్వెల్స్' అను నాలుగు భాగముల కథకు బొమ్మలు వేసి దేశమంతట పేరు పొందెను. 1996లో మార్క్ వేయిడ్‌తో గూడి చేసిన 'కింగ్‌డమ్ కమ్' ఆ పేరును స్థిరపరచెను.

కామిక్ పుస్తకపు బొమ్మ సామాన్యముగా ఒక్కరి చేతిలో పూర్తికాదు. ఒకరు పెన్సిలుతో గీయుదురు. మరియొకరు దానిపై సిరాతో దిద్దుదురు. వేరొకరు రంగు కూర్తురు. నెలకొక సంచిక రావలసిన తొందరలో పని పంచుకొనక తప్పదు. రాస్ ఆ మార్గమున పోలేదు. పెన్సిలు గీతపై గ్వాష్ అను దట్టని నీటిరంగును తానే పూసి, పుటపుటను వర్ణచిత్రముగా తీర్చెను. పరిచితులైన మనుష్యులను వీరుల భంగిమలలో నిలిపి, వెలుగు ఏ వైపునుండి పడుచున్నదో చూచుకొని, ఛాయాచిత్రములు తీసి, వానిని ఎదుట నుంచుకొని చిత్రించెను. అందువలన రాస్ వేసిన వీరుని దుస్తు ఒంటిపై పూసిన రంగువలె నుండదు. మోచేతివద్ద నిజమైన గుడ్డవలె ముడుతలు పడును. వీరుని చెంపలు నెరయును. కంటి క్రింద గీత కనబడును. ఆకాశమున ఎగురువాడు మన వీధిలోని మనుష్యుడే యని తోచును.

జయమంగళా వ్యాఖ్యయందు యశోధరుడు చిత్రమునకు ఆరంగములు చెప్పెను. అవి రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. ఈ కొలతబద్దతో చూచినచో రాస్ చిత్రముల బలము సాదృశ్యమునను, వర్ణికాభంగమునను ఉన్నదని చెప్పవచ్చును. లేనివానికి సాదృశ్యమేమి యని ప్రశ్న. భాగవతమున చిత్రలేఖ వృత్తాంతము తెలిసినవారికి సమాధానము తెలియును. ఉష కలలో మాత్రమే చూచిన పురుషుని గుర్తుపట్టుటకై చిత్రలేఖ ఒక్కొక్కరి రూపమును వ్రాసి చూపగా, అనిరుద్ధుని చిత్రము కంటబడినంతనే ఉష సిగ్గుతో తల వంచెను. కలలోని రూపమునకు కూడ సాదృశ్యము కలదన్నమాట. అమెరికా బాలురు చిన్ననాట చవుకరంగుల పుటలలో చూచి, మనస్సులో పెంచుకొన్న వీరుని రాస్ వ్రాసి చూపెను. వారు "ఇతడే" యనిరి.

రవివర్మ చేసినదియు ఇట్టి పనియే. జీవించియున్న మనుష్యులను చూచి దేవతలకు ముఖములు కల్పించెను. 1894లో బొంబాయియందు ముద్రణాలయము నెలకొల్పి, రాజమందిరమునకు తగిన చిత్రమును పూరియింటి గోడకు చేర్చెను. లక్ష్మి యనగానే నేటికిని తెలుగింటి ఇల్లాలికి కండ్లలో మెదలు రూపము చాలవరకు ఆ ముద్రణాలయమునుండి వచ్చినదే. చవుకగా అచ్చుపడిన బొమ్మకు అంతటి శక్తి కలదు. అట్టబొమ్మను తేలికగా చూడరాదు.

ఇక సేకర్తను గూర్చి. శ్రోతలు ఒక అమెరికా బాలుని ఊహించుకొందురుగాక. 1994లో వానికి పదునాలుగేండ్లు. అంగడిలో 'మార్వెల్స్' మొదటి భాగము కంటబడినది. దానికి పారదర్శకమైన పైతొడుగు కలదు. పేరు ఆ తొడుగుపై అచ్చయి, తొడుగు తీసినచో బొమ్మ అక్షరముల యడ్డు లేక నిండుగా కనబడును. బాలుడు తన చేతిఖర్చు డబ్బుతో దానిని కొనెను. ఇంటికి పోవు దారిలోనే చదివెను. రాత్రి మరల చదివెను. నాలుగు భాగములును పూర్తియగునప్పటికి కథ కంఠస్థమయ్యెను. నాటినుండి రాస్ పేరున్న పుస్తకమెక్కడ కనబడినను కొనసాగెను.

వయస్సు వచ్చినది, ఉద్యోగము వచ్చినది, కొను శక్తి పెరిగినది. సేకర్తకు ఒక చిట్టా ఏర్పడెను. పుస్తకము పేరు, సంచిక సంఖ్య, నెల, సంవత్సరము, కొన్న ధర, నేటి ధర, అట్ట స్థితి. పూర్వము గ్రామపు లెక్కలలో ఒక్క సెంటు భూమియు తప్పిపోని రీతిగా ఆ చిట్టాలో ఒక్క సంచికయు తప్పిపోదు. ప్రతి పుస్తకమునకు పారదర్శకమైన సంచి, వెనుక పులుపు లేని అట్టముక్క, వానిని నిలువబెట్టుటకు పొడవైన పెట్టెలు. ఒక గదిలో మొదలైన పెట్టెలు రెండవ గదికి పాకెను.

ఇచ్చట ఒక మార్పు గమనింపదగియున్నది. రాస్ కాలక్రమమున లోపలి పుటలకన్న ముఖచిత్రములకే ఎక్కువగా కుంచె పట్టెను. 1995లో ఆరంభమైన 'ఆస్ట్రో సిటీ'కి అట్ట రాస్‌ది, కథ బ్యూసిక్‌ది, లోపలి బొమ్మలు బ్రెంట్ ఆండర్సన్‌వి. 2018 మొదలు 2021 వరకు ఏబది సంచికలుగా వెలువడిన 'ఇమ్మోర్టల్ హల్క్'కు ముఖచిత్రములు రాస్‌వి. లోపలి చిత్రకారులు వేరు. ఇదిగాక ప్రకాశకులు ఒకే కథను రెండు, అయిదు, పది వేర్వేరు అట్టలతో అమ్ముట నేర్చిరి. ఇన్ని ప్రతులు తెప్పించిన దుకాణమునకు ప్రత్యేకమైన అట్టగలది ఒక్క ప్రతి యిత్తుమని షరతు పెట్టిరి. ఆ ఒక్క ప్రతి ధర సహజముగా ఆకాశము నంటును. మన సేకర్త అట్టకై కొనెను. ఇంటికి తెచ్చి, సంచిలో నుంచి, చిట్టాలో వ్రాసి, పెట్టెలో పెట్టెను. లోపలి కథ చదువుట మరచెను. పదునాలుగవ యేట దారిలోనే చదివినవాడు నలుబదవ యేట విప్పియు చూడకుండెను.

ఇక ధరల మాట. 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక ప్రతి యొకటి 2024లో అరువది లక్షల డాలర్లకు వేలమున పోయినది. సూపర్‌మాన్‌పై సమస్త హక్కులకు 1938లో సీగెల్, షుస్టర్‌లకు ముట్టినది నూటముప్పది డాలర్లు. ఆ యిద్దరును పిమ్మట న్యాయస్థానములు తిరిగి, బీదతనమున క్రుంగిరి. షుస్టర్ చూపు మందగించెను. 1975లో మాత్రమే, లోకము నిందించిన పిమ్మట, ఏటికి ఇరువది వేల డాలర్ల భృతియు, సృష్టికర్తలుగా పేరు ముద్రించు గౌరవమును వారికి లభించినవి. గీసిన చేతికి నూటముప్పది. గీసిన కాగితమునకు అరువది లక్షలు. లెక్కలు చూచుట వృత్తిగా గలవారు కూడ ఈ జమాఖర్చుకు తల పట్టుకొనవలసినదే.

ఆ ప్రతికి అంత వెల ఎందుకు వచ్చినది? మిగిలినవి బహు స్వల్పము గనుక. మిగిలినవి స్వల్ప మెందుకైనవి? పిల్లలు చదివిరి గనుక. మడిచి జేబులో పెట్టుకొనిరి, మిత్రులకు ఎరువిచ్చిరి, ఒకదానికొకటి మారకము వేసికొనిరి. వానలో తడిపిరి. తల్లులు ఇల్లు సర్దునప్పుడు పారవేసిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున దేశమంతట పాత కాగితము ప్రోగుచేసినప్పుడు ఆ పుస్తకములు బండ్లకొలది పోయినవి. మిగిలినవి చవుక కాగితముపై అచ్చయినవగుటచే పసుపువారి పెళుసెక్కినవి. అనగా నేటి కోటీశ్వరుని పెట్టెలోని ప్రతికి విలువ నిచ్చినవారు, తమ ప్రతులను చదివి చదివి చింపుకొన్న ఆ పేరు తెలియని పిల్లలే. వారు చదువనిచో ఆ కథ నిలువదు. వారు చింపనిచో ఈ ప్రతి అపురూపము కాదు.

ఈ సత్యమునకు విపర్యయము 1990 తరువాతి దశాబ్దమున కనబడినది. పాత ప్రతుల ధరలు చూచి జనులు కొత్తవానిని దాచ మొదలిడిరి. 1991లో 'ఎక్స్-మెన్' అను పుస్తకపు మొదటి సంచిక అయిదు విధముల అట్టలతో వెలువడి, ఎనుబది లక్షలకు పైగా అమ్ముడుపోయెను. 1992లో సూపర్‌మాన్ మరణించినట్లు కథ కల్పించి, ఆ సంచికను నల్లని సంచిలో మూసి అమ్మిరి. చదువుటకొకటి, విప్పక దాచుట కొకటి యని రెండేసి ప్రతులు కొన్నవారు కోకొల్లలు. అందరును దాచిరి, అందరివియు భద్రముగా నున్నవి, అందుచేత ఎవ్వరిదియు అపురూపము కాలేదు. ఎక్స్-మెన్ మొదటి సంచిక నేటికిని పాత పుస్తకముల యంగడులలో స్వల్పమూల్యమునకే దొరకును. ఆ వ్యాపారపు పొంగు చల్లారగా దుకాణములు వందలుగా మూతబడినవి. 1996 డిసెంబరున మార్వెల్ సంస్థయే దివాలా రక్షణ కోరవలసివచ్చెను.

ఆ దెబ్బతో బుద్ధి వచ్చెనా? సగము వచ్చినది. 2000వ సంవత్సరము మొదలు కొత్త పద్ధతి యొకటి వ్యాపించెను. పుస్తకమును పరీక్షకులకు పంపినచో, వారు దాని స్థితిని పదికి ఇన్ని యని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి పంపుదురు. అటుపిమ్మట అట్ట కనబడును, పుట తిరుగదు. పలక పగులగొట్టినచో ఆ మార్కు రద్దగును, ధర పడిపోవును. గాజుపెట్టెలోని పుష్పమునకు వాసన లేనట్లు పలకలోని పుస్తకమునకు కథ లేదు.

దాచువారి పక్షమున చెప్పవలసినదియు కలదు. ఏకపక్షముగా తీర్పు చెప్పుట న్యాయము కాదు. వారు లేనిచో 1938 నాటి ముఖచిత్రము నేడు కంటితో చూచుటకైనను మిగులదు. కాగితమునకు వెలుగు శత్రువు, తేమ శత్రువు, చెమట చేయి శత్రువు. ఒక తరము చదివి పారవేసినదానిని మరియొక తరము వెదకి తెచ్చి కాపాడుట చిన్న పని కాదు. పలకలో బిగించుట వలన మోసము తగ్గినదనియు, కొనువానికి ధైర్యము కలిగినదనియు వారి వాదము. అదియు నిజమే.

కాని కాపాడుటకు మూయుట యొక్కటే దారి కాదని తాళపత్రములు చెప్పుచున్నవి. తాటియాకు గ్రంథమును చెక్కపలకల నడుమ పెట్టి, త్రాడు బిగించి, గుడ్డలో చుట్టుదురు. అంతటితో వదలినచో పురుగు పట్టును. అప్పుడప్పుడు విప్పవలెను, ఆకు ఆకును తిరుగవేయవలెను, తైలము పూయవలెను, శిథిలమైనదానికి ప్రతి వ్రాయవలెను. చదువబడుచున్న గ్రంథమే బ్రతికెను. అటకమీద మూటలో పూజింపబడిన గ్రంథము చెదలపాలయ్యెను. కవిత్రయమువారి భారతము నిలిచినది కట్టు బిగువు వలన కాదు. చదివినవారి వలనను, చెప్పినవారి వలనను, వ్రాసుకొన్నవారి వలనను.

మన సేకర్త కథ ముగియలేదు. వానికి ఒక కుమార్తె కలదనుకొందము. ఒకనాడు ఆ పిల్ల పెట్టెల గదిలోనికి వచ్చి, పలకలోని పుస్తకమును చేతికి తీసికొని అట్టమీది వీరుని చూచి, "నాన్నా, లోపల ఏమగును?" అని అడిగెను. తండ్రి సమాధానము చెప్పబోయి ఆగెను. ఆ కథ తాను చదువలేదు. అట్ట ఎవరిదో తెలియును. ఏ నెలదో తెలియును. పదికి ఎన్ని మార్కులో తెలియును. ధర డాలర్లతో సహా తెలియును. లోపల ఏమగునో తెలియదు. చిట్టాలో అన్ని గడులును నిండియుండగా ఆ యొక్క గడి ఖాళీగా నుండెను.

పాపము, ఆతనికి ప్రియమైన చిత్రకారుడు ఈ మాటను తన పుస్తకములలోనే చెప్పియుండెను. 'మార్వెల్స్' కథానాయకుడు ఎగురు వీరుడు కాడు. ఫిల్ షెల్డన్ అను పత్రికా ఛాయాగ్రాహకుడు. అద్భుతపురుషులు మొదట కనబడిన 1939 మొదలు ముప్పదియైదేండ్లు వారి చిత్రములు తీసి కూర్చినవాడు, అనగా తానును ఒక సేకర్తయే. ఆ పనిలో ఒక కన్ను పోగొట్టుకొనెను. తుదకు ఇక చాలునని కెమెరాను తన సహాయకురాలి చేతికిచ్చి, ఇంటిముందు నిలిచి, వార్తాపత్రికలు వేయు సామాన్య బాలుని ప్రక్కకు పిలిచి ఫోటో తీయించుకొనెను. అద్భుతములను చూచి చూచి అలసిన కంటికి ఆ సామాన్య బాలుడే చూడదగినవాడుగా తోచెను. 'కింగ్‌డమ్ కమ్'లోను అంతే. వీరుల పోరులో కాన్సాస్ పంటపొలములు మసికాగా, ఆ పిమ్మటి సర్వనాశమునకు సాక్షిగా నిలిచి, కట్టకడపట సూపర్‌మాన్ కోపమును మాటతో చల్లార్చువాడు నార్మన్ మెకే అను వృద్ధ మతబోధకుడు. ఆ వృద్ధునికి రాస్ తన తండ్రి ముఖమునే ఇచ్చెను.

ఈ గ్రామమువంటి గ్రామములవారికి మరింత దగ్గరగా తోచు పుస్తకము వేరొకటి కలదు. 1998లో పాల్ డీనీ రచింపగా పెద్ద పుటలతో వెలువడిన 'సూపర్‌మాన్: పీస్ ఆన్ ఎర్త్'. అందు సూపర్‌మాన్ లోకములో ఆకలిగొన్నవారికెల్ల ఒక్క దినమైనను అన్నము పెట్టవలెనని సంకల్పించును. పర్వతములెత్తగల చేతులతో ధాన్యపు నౌకలను మోసుకొని పోవును. కొన్నిచోట్ల జనులు కృతజ్ఞులగుదురు, కొన్నిచోట్ల భయపడుదురు, కొన్నిచోట్ల పాలకులు అడ్డుదురు. తెచ్చిన ఆహారము చెడగొట్టబడును. అంతటివాడును ఓడును. తుదకు తనను పెంచిన రైతు తండ్రి నేర్పిన విద్య జ్ఞప్తికి వచ్చి, పిడికెడు విత్తనములు చేతబట్టి, నాటుట యెట్లో పిల్లలకు నేర్పును. అన్నదానమును మించినది సేద్యమును నేర్పుట యని ఆ కథ సారము. దీనిని అట్టమీది బొమ్మ ఒక్కటి చూచి తెలిసికొనజాలరు. పుట తిప్పవలెను.

తండ్రి ఏమి చేసెను? శ్రోతలు తమకు తోచిన ముగింపు చెప్పుకొనవచ్చును. న్యాయమైన ముగింపు ఒక్కటే కనబడుచున్నది. ఉలి తెచ్చి పలక అంచును మెల్లగా విప్పెను. ధర పడిపోయెను. కుమార్తె చదివెను, ఆ పిమ్మట తండ్రి చదివెను. ఖాళీగా నున్న గడి నిండెను.

అమెరికాలోనే ఇంకొక మార్గమును ఏర్పడియున్నది. మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున 1970లో ఆచార్య రసెల్ నై తమ పుస్తకముల నొసగగా ఆరంభమైన కామిక్ గ్రంథసంచయము నేడు రెండు లక్షల సంఖ్యను దాటియున్నది. ఒకనాడు బడులలో ఉపాధ్యాయులు లాగికొని చించివేసిన పుస్తకములను నేడు పరిశోధకులు బల్లపై పెట్టుకొని చదువుచున్నారు. ఒక్కని పెట్టెలో నున్నప్పుడు దాచుటకును చదువుటకును వైరము. గ్రంథాలయమును చేరినంతనే ఆ వైరము తీరును. కాపాడువారు వేరుగా నుందురు. చదువువారు వేలుగా నుందురు.

ఈ మాట ఆంధ్రదేశమునకు కొత్త కాదు. 1918లో వేటపాలెమున వెలసిన సారస్వత నికేతనము పాత పత్రికలను సంచికల వారీగా దాచి, అడిగినవారికి విప్పి చూపుచు పేరు గాంచినది. దాని భవనమునకు గాంధీమహాత్ముడు 1929లో శంకుస్థాపన చేసెను. ఎవరింటనో చిత్తుకాగితముగా పోవలసిన పత్రిక అచ్చట ఆధారగ్రంథమయ్యెను.

1947 జూలైలో మద్రాసునుండి నాగిరెడ్డి, చక్రపాణిగారలు వెలువరింప మొదలిడిన చందమామను తెలుగిండ్లలో ఏటేట కుట్టించి దాచుకొన్నవారు పెక్కురు కలరు. అందు ఎం. టి. వి. ఆచార్య, వడ్డాది పాపయ్యగారల వర్ణచిత్రములకై ఎదురుచూచినవారు తక్కువవారు కారు. కాని కుట్టించునప్పుడు కొందరు అట్టలు చించివేసి కథలు మాత్రమే ఉంచుకొనిరి. అమెరికావారు అట్ట నుంచుకొని కథను మూసిరి. ఇచ్చటివారు కథ నుంచుకొని అట్టను పారవేసిరి. రెండును లోపములే. ముఖచిత్రము వాకిలి, కథ ఇల్లు. వాకిలి లేని ఇల్లు అందము చెడును. ఇల్లు లేని వాకిలి నిలువ నీడ ఈయదు.

చందమామ వెలువడుట నిలిచిపోయి ఏండ్లు గడచినవి. మిగిలిన ప్రతులు ఇండ్లలో, అటకలమీద, ట్రంకుపెట్టెలలో నున్నవి. ఈ రజతోత్సవమునకు వెండి కానుకలు తేనక్కరలేదు. ఎవరి యింట అట్టలతో గూడిన పాత సంచికలున్నవో వారు వానిని ఈ గ్రంథాలయమునకు ఒసగుదురుగాక. గ్రంథాలయమువారు వానిని బీరువాలో పెట్టి తాళము వేయక, వారమునకొక దినమైనను బల్లపై పరచి, చేతులు కడుగుకొని వచ్చిన పిల్లలకు చూపుదురుగాక. ఒక అట్ట నలుగవచ్చును. ఒక పుట చిరుగవచ్చును. దానిని అతికించుటకు జిగురున్నది. చదువబడని పుస్తకమును అతికించు జిగురు ఎచ్చటను దొరకదు.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక. నాటి బాలురు ఈ పుస్తకములను విప్పి, "లోపల ఏమగును?" అని అడుగకయే తెలిసికొందురుగాక.

స్వస్తి.